ఆస్తి నాన్నది, అప్పు అమ్మాయిది

2025 జూలైలో ఒక సాయంత్రం తిరుపతిలో మేం కూచునే గదికి ఒక తల్లీ కూతురూ వచ్చారు. పలమనేరు వైపు పల్లెటూరు వాళ్ళది. అమ్మాయి బీటెక్ పూర్తి చేసింది. తల్లి చేతిలో ప్లాస్టిక్ ఫైలు. మా దగ్గరికి మామూలుగా వచ్చే ఫైళ్ళలో పోలీసు స్టేషను కాగితాలు, ఆసుపత్రి చీటీలు, మనోవర్తి కేసు నోటీసులు ఉంటాయి. ఈ ఫైలులో అమెరికా యూనివర్సిటీ పంపిన ఐ-20 ఫారం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన ఆస్తి విలువ సర్టిఫికెట్ ఉన్నాయి. అన్నిటికీ అడుగున, ఇంకా రిజిస్టరు కాని ఒక స్టాంపు పేపరు ఉంది.

"వీసా రాలేదక్కా. నిండా రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదంట. పాప సరిగ్గా చెప్పలేకపోయిందని ఇంట్లో అందరూ దాన్నే అంటాండారు," అంది తల్లి. "ఇప్పుడు రెండోసారి పోవల్లంటే ముందు ఈ పేపరు మీద సంతకం పెట్టమంటాండాడు మా పెద్దోడు."

ఆ పేపరు విడుదల దస్తావేజు. తాతల నాటి మామిడి తోటలో తనకు రావాల్సిన భాగం చదువు ఖర్చు రూపంలో ముట్టిందనీ, ఇకమీదట ఆ తోట మీద తనకు ఏ హక్కూ లేదనీ అమ్మాయి చేత అందులో చెప్పించారు.

వీసాల గురించి స్త్రీల హక్కుల పత్రికలో రాయడమేమిటని ఎవరైనా అడిగితే నా జవాబు ఆ స్టాంపు పేపరే.

ఆ సాయంత్రం మేం ముగ్గురం కూచుని ఆ ఫైలుని మొదటి కాగితం నుంచి చదివాం. ఐ-20 మొదటి పేజీలోనే ఏడాదికి ఎంత ఖర్చవుతుందో, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో లెక్క ఉంటుంది. విద్యార్థి సొంత నిధులు అన్న చోట సున్న. భరోసా ఇచ్చే స్పాన్సరు తండ్రి. పట్టాదారు పాసు పుస్తకం తండ్రి పేరున. ఇల్లు తండ్రి పేరున. వ్యవసాయ ఆదాయం తండ్రి పేరున. తర్వాత బ్యాంకు అప్పు కాగితం వచ్చింది. 30 లక్షలు. అక్కడ మాత్రం మొదటి పేరు అమ్మాయిది. తండ్రి తోడు సంతకందారు.

తల్లి పేరు ఎక్కడుందని వెతికాం. పాస్‌పోర్టులో ఉంది, అంతే. ఆ ఇంట్లో నాలుగు ఆవులున్నాయి. తెల్లవారుజామున లేచి పాలు పితికి కేంద్రానికి పోసేది ఆమె. అమ్మాయి ఇంటర్ ఫీజు, బీటెక్ హాస్టలు ఖర్చు ఆ పాల డబ్బుతోనే గడిచాయి. ఆ డబ్బు పదిహేను రోజులకొకసారి ఆయన ఖాతాలో పడుతుంది. అందుకని సర్టిఫికెట్లో అది ఆయన ఆదాయమైంది. చదివించింది తల్లి, స్పాన్సరు తండ్రి. మన జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు ఎన్ని లేవు?

ఆస్తి చూపించమని వీసా ఆఫీసులు అడుగుతున్నాయి. మొదటి ఏడాది ఖర్చుకి డబ్బు సిద్ధంగా ఉందనీ, మిగతా కాలానికి కూడా దారి ఉందనీ చూపించమని అమెరికా అంటుంది. బ్రిటన్ ఆ డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలంటుంది. కెనడా అంతవరకు జీవన ఖర్చుకి 10,000 డాలర్లు చూపిస్తే చాలన్నది, 2024 జనవరి నుంచి ఒక్కసారిగా 20,635 కి పెంచింది. ఈ నిబంధనల్లో ఎక్కడా ఆడ, మగ అన్న తేడా లేదు. కాని ఆ కాగితం వచ్చి పడేది మన ఇళ్ళలో. ఇక్కడ ఆస్తికి ఆడ, మగ తేడా ఉంది. 'డబ్బు ఎవరు పెడతారు?' అన్న ప్రశ్న మన ఇంట్లోకి వచ్చేసరికి 'ఎవరు దయ చూపిస్తారు?' అన్న ప్రశ్నగా మారిపోతుంది.

అది దయ కాదు. ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకి కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. దేశం మొత్తానికి, పెళ్ళయిన వాళ్ళకి కూడా కలిపి, 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న పేచీని కూడా 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది. తండ్రి స్వార్జితం సంగతి వేరు. తాతల నాటి తోటలో మాత్రం ఆ అమ్మాయికి పుట్టిన రోజు నుంచే వాటా ఉంది. ఆ వాటాని కూడా కలిపి 'నా ఆస్తి' అని తండ్రి సర్టిఫికెట్ తెచ్చాడు. తన ఆస్తితోనే తనకి స్పాన్సరు దొరికాడు! దానికి బదులుగా ఆ వాటానే వదులుకోమంటున్నారు. చదువుకి ఖర్చు పెట్టినంత మాత్రాన వాటా పోతుందని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

పోనీ, నిజంగా చదువుకి ఖర్చు పెట్టారా అంటే అదీ లేదు. పెట్టబోయేది బ్యాంకు అప్పు. బ్యాంకులు పాటించే విద్యా రుణాల నమూనా పథకంలో ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు పెట్టాలి. అందుకని ఇల్లు తాకట్టు పెట్టారు. అప్పు తీర్చాల్సింది అమ్మాయి. ఆ ఏడాది తోతాపురి కాయకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి కిలోకి 12 రూపాయలని ప్రకటించారు. ఆ లెక్కన అసలు 30 లక్షలే 250 టన్నుల కాయ. వడ్డీ వేరు. ఆ భారమంతా అమ్మాయి పేరున. తోట అన్న పేరున. ఒక్క సంతకంతో ఆస్తి పోయి అప్పు మిగులుతుంది. కట్నం పేరుతో ఆడపిల్ల వాటాని ఎగ్గొట్టడం మనకు పాత సంగతి. ఇప్పుడు కట్నం చోటికి వీసా వచ్చింది.

నా సంగతి కూడా చెప్పాలి. 1996లో నేను తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు బయటి దేశంలో ఒక యూనివర్సిటీ నుంచి సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. అప్పట్లో మన వైపు వాళ్ళు అమెరికా వీసాకి మద్రాసు పోవాలి. హైదరాబాదులో కాన్సులేట్ వచ్చింది 2008లో. నేను మద్రాసు దాకా కూడా పోలేదు. "పొలం మీద అప్పు చేస్తే రేపు నీ పెళ్ళికి ఏముంటుంది?" అన్నాడు నాన్న. అంతకు నాలుగేళ్ళ ముందు అన్న ఇంజినీరింగ్ డొనేషన్‌కి రెండెకరాలు అమ్మారు. అప్పుడు 'నీ వాటా ఇచ్చేశాం, సంతకం పెట్టు' అని అన్నని ఎవరూ అడగలేదు. కొడుకు చదువు ఇంటి బాధ్యత, కూతురి చదువు ఆమె వాటా. ఈ లెక్క రాసిన వాళ్ళెవరు? ముప్పై ఏళ్ళయినా అదే లెక్క నడుస్తోంది.

ఇక ఆ అమ్మాయి 'సరిగ్గా చెప్పలేకపోయింది' అన్న మాటకి వద్దాం. ఎందుకు చెప్పలేకపోయింది? ఫారం నింపింది కన్సల్టెన్సీ. యూనివర్సిటీని ఎంపిక చేసింది కన్సల్టెన్సీ. తండ్రి ఖాతాలో పది రోజుల పాటు వడ్డీకి డబ్బు వేయించి 'షో మనీ' చూపించిందీ వాళ్ళే. అమ్మాయి చేసింది సంతకం. ఈ యూనివర్సిటీయే ఎందుకని కౌంటర్లో అడిగితే ఆమెకేం తెలుసు?

అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షను ఉంది. దాని ప్రకారం విద్యార్థి వీసా అడిగే ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారని ముందే అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సింది మనమే. కాదంటే అప్పీలు లేదు, మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ పోవడమే. చాలాసార్లు ఫైలు తెరిచి కూడా చూడరు, మాటే వింటారు. 'చదువయ్యాక తిరిగి రావడానికి నీకు ఊళ్ళో ఏముంది?' అన్నది ఆ మాటల వెనక ఉండే ప్రశ్న. అబ్బాయి పొలం ఉందంటాడు. అమ్మాయి నాన్న ఉన్నాడంటుంది. తన పేరున సెంటు భూమి లేని మనిషి తన ఊరితో తనకున్న బంధాన్ని ఏ కాగితంతో చూపించాలి?

అమ్మాయిలు చదవకుండా సంతకాలు పెట్టే కాగితాల్లో ఏముందో మన కార్యకర్తలకి తెలియాలి. ఐ-20 కింద విద్యార్థి సంతకం ఉంటుంది. షరతులన్నీ చదివాను, పాటిస్తాను అని దాని అర్థం. డీఎస్-160 దరఖాస్తులో, దీన్ని నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని ఒక ప్రశ్న ఉంది. ఆ అమ్మాయి ఫారంలో 'లేదు' అని కన్సల్టెన్సీయే కొట్టింది. అంటే ఆమెకు తెలియకుండానే ఆమె పేరున మొదటి అబద్ధం ఎక్కింది. ముఖ్యమైన విషయంలో అబద్ధం తేలితే జీవితాంతం ఆ దేశంలోకి రానివ్వకుండా నిషేధం పడొచ్చు. ఆ నిషేధం కన్సల్టెన్సీకి పడదు, ఖాతాలో డబ్బు వేసిన వడ్డీ వ్యాపారికి పడదు, స్పాన్సరు తండ్రికి కూడా పడదు. అమ్మాయికే పడుతుంది.

డబ్బు దగ్గర కూడా మోసమే. 2025లో ఆమె కట్టిన సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. కలిపి అప్పటి రేటుకి దాదాపు 46 వేల రూపాయలు. వీసా రాకపోతే ఇవి తిరిగి రావు. కాని 12 నెలల లోపు అదే రకం వీసాకి మళ్ళీ పోతే సెవిస్ ఫీజు రెండోసారి కట్టనక్కర్లేదు. కన్సల్టెన్సీ మాత్రం రెండూ మళ్ళీ కట్టమంది. తల్లి కమ్మలు అమ్మడానికి సిద్ధపడింది కూడా.

ఇది ఒక్క ఇంటి కథ అనుకోవద్దు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు పదిహేను వందల మందికి పైగా విద్యార్థులు వీధిన పడ్డారు. అందులో అత్యధికులు మన దేశం వాళ్ళు, వాళ్ళలో తెలుగు పిల్లలు చాలామంది. రికార్డుల్లో సగానికి పైగా విద్యార్థులు ఒకే అపార్ట్‌మెంటు చిరునామాలో ఉన్నారు! కొందరి కాళ్ళకి ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలించారు. ఆ సంస్థ పెట్టినామెకి 2014లో 16 ఏళ్ళకి పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా ఘోరం. మిచిగాన్‌లో ఆ పేరుతో దుకాణం తెరిచింది అమెరికా వలస అధికారులే. అక్కడ పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. పిల్లల్ని చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెట్టారు. దాదాపు 250 మంది విద్యార్థుల్ని అరెస్టు చేశారు. తెలిసి చేరిన వాళ్ళూ ఉన్నారు, తెలియక చేరిన వాళ్ళూ ఉన్నారు. కాని 'తెలియదు' అన్న మాట ఎక్కడా చెల్లదని ఆ రెండు సంఘటనలూ చెప్పాయి. అబ్బాయి వెనక్కి వస్తే 'పాపం, మోసపోయాడు' అంటారు. అమ్మాయి వెనక్కి వస్తే 'పంపించకుండా ఉండాల్సింది' అంటారు. ఆ ఒక్క మాటతో ఆ వీధిలో ఇంకో నలుగురు ఆడపిల్లల చదువు ఆగిపోతుంది.

2025 జూన్‌లో మరో షరతు వచ్చింది. విద్యార్థి వీసా అడిగే వాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనిపించేట్టు తెరిచి పెట్టాలని అమెరికా చెప్పింది. దీని మీద మాట్లాడిన వాళ్ళంతా భావప్రకటన స్వేచ్ఛ గురించి మాట్లాడారు. అది సరే. కాని వెంటపడే వాళ్ళ నుంచి, ఫొటోలు మార్చి బెదిరించే వాళ్ళ నుంచి తప్పించుకోవడానికి ఖాతాకి తాళం వేసుకున్న ఆడపిల్ల సంగతి ఎవరు మాట్లాడారు? అధికారి ఒక్కడు చూడటానికి తెరిచిన తలుపులోంచి ఊరంతా తొంగి చూస్తుంది. మన దగ్గరికి వచ్చే సైబర్ వేధింపుల కేసులు చూసిన వాళ్ళకి నేను ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వాల సంగతి చూద్దాం. ఆస్తి లేని ఇంటి పిల్లలకి విదేశీ విద్యకి సాయం చేస్తామని మన రాష్ట్రంలో పథకాలు వచ్చాయి. 2022లో ప్రకటించిన జగనన్న విదేశీ విద్యా దీవెన మార్గదర్శకాల్లో కుటుంబానికి ఒక్కరే అర్హులు అన్న షరతు ఉంది. కాగితం మీద అది న్యాయంగానే కనిపిస్తుంది. మన ఇళ్ళలో ఆ ఒక్కరూ ఎవరవుతారో ఆ షరతు రాసిన వాళ్ళకి తెలియదా? కేంద్రం దళిత విద్యార్థులకిచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌లో 30 శాతం స్త్రీలకి కేటాయించారు. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చని దాన్ని బట్టే తెలుస్తోంది. ప్రభుత్వం ఏదైనా, పథకం పేరు ఏదైనా, ఈ 'ఒక్కరే' అన్న షరతు ఆడపిల్లల విషయంలో పోవాలని మనం అడగాలి.

కువైట్‌కి, దుబాయికి ఇంటిపనికి పోయే మన రాయలసీమ ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలని కేంద్రం షరతు పెట్టింది. వాళ్ళని పంపే ఏజెంట్లు 1983 వలసల చట్టం కింద రిజిస్టరు కావాలి. ఆ చట్టం అమలు ఎంత బాగుందో మనకు తెలుసు, కాని పట్టుకుని అడగడానికి చట్టమంటూ ఒకటుంది. విద్యార్థుల్ని పంపే కన్సల్టెన్సీలు ఆ చట్టం కిందికి రావు. పంజాబ్ 2012లోనే ఇలాంటి వాళ్ళకి లైసెన్సు ఉండాలని చట్టం చేసింది. మన రాష్ట్రానికీ అలాంటి చట్టం కావాలి. తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు, నింపిన ప్రతి ఫారానికీ తెలుగులో వివరణ, కాపీ అమ్మాయి చేతికి ఇవ్వడం అందులో ఉండాలి.

మనలోనే కొందరు మిత్రులు అంటారు, ఇది ఉన్నవాళ్ళ గొడవ, దీన్ని ఉద్యమం తలకెత్తుకోవడం ఎందుకని. నాలుగు ఆవులూ, ధర లేని మామిడి తోటా ఉన్న ఇల్లు ఉన్నవాళ్ళ ఇల్లయితే మన లెక్కే తప్పు. 2023-24లో అమెరికాలో చదువుతున్న మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. వాళ్ళందరూ కోటీశ్వరుల పిల్లలా? ఇంకొందరు అంటారు, దేశం సొమ్ముతో చదివి బయటికి పోవడం మనం ప్రోత్సహించాలా అని. పొమ్మని నేను ఎవరికీ చెప్పడం లేదు. పోవాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి, తెలిసి తేల్చుకోవాలి. కొడుకులు పోయేటప్పుడు ఎవరికీ గుర్తురాని దేశభక్తి కూతుళ్ళు పోయేటప్పుడే ఎందుకు గుర్తొస్తుంది?

మనం చెయ్యగలిగింది చాలా ఉంది. ఆడపిల్లల కోసమే 1983లో పుట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మన తిరుపతిలో ఉంది. అక్కడా, మన డిగ్రీ కాలేజీల్లోనూ ఈ ఫారాలను తెలుగులో చదివి చెప్పే ఒక చోటు అడుగుదాం. పొదుపు సంఘాల సమావేశాల్లో వడ్డీ లెక్కలతో పాటు ఒకరోజు ఈ లెక్క కూడా చెబుదాం. బ్రిటన్ నిబంధనల్లో విద్యార్థి సొంత ఖాతాతో పాటు తల్లి ఖాతా కూడా తండ్రి ఖాతాతో సమానంగా చెల్లుతుందని తల్లులకి చెబుదాం. పాల డబ్బు ఎవరు పోసిన పాలకి వాళ్ళ ఖాతాలో పడేలా చూద్దాం. 2016 డిసెంబరులో మారిన నిబంధనల ప్రకారం పాస్‌పోర్టుకి తల్లి పేరు ఒక్కటున్నా చాలని, భర్త వదిలేసిన స్త్రీల పిల్లలకి చెబుదాం. అన్నిటికంటే ముందు, తన ఫైలు తన దగ్గర పెట్టుకోమని, తను చదవని కాగితం మీద సంతకం పెట్టవద్దని ప్రతి అమ్మాయికీ చెబుదాం. చిలుకూరు వీసా బాలాజీకి ప్రదక్షిణలు చెయ్యొద్దని నేననను. మన కొండ మీది స్వామికి మొక్కుకున్నా తప్పు లేదు. ఫారం చదివాక మొక్కుకోండి.

ఆ సాయంత్రం చివరికి తల్లి ఆ స్టాంపు పేపరు చేతిలోకి తీసుకుని అడిగింది: "దీని మీద సంతకం పెట్టకపోతే పాపను పంపించరేమో అక్కా?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పంపించకపోవచ్చు. అది నిజం. అమ్మాయే అంది: "రిజిస్టరు కాకపోతే చెల్లదని మీరే కదా చెప్పినారు. రిజిస్ట్రారు ఆఫీసుకి నేను పోను. అప్పు నాదైతే తోటలో నా భాగం కూడా నాదే."

ఆమె ఇంకా వీసాకి పోలేదు. సంతకమూ పెట్టలేదు. వారానికి రెండు రోజులు మా గదికి వచ్చి ఐ-20 షరతుల్ని తెలుగులో రాస్తోంది, తన కోసమూ, ఇంకో ఆరుగురు అమ్మాయిల కోసమూ. ఇంట్లో అన్న మాట్లాడటం మానేశాడు. తండ్రి ఇంకా ఏమీ తేల్చలేదు. ఆ ఇంటి మీద ఇప్పుడు చాలా ఒత్తిడి ఉంది. ఆ ఒత్తిడిని ఆమె ఒక్కతే మొయ్యకుండా చూడటం మన పని. మీ ఊళ్ళలో ఇలాంటి స్టాంపు పేపర్లు ఎన్ని రాయిస్తున్నారో అడిగి తెలుసుకోండి. సంతకం కాకముందే తెలుసుకోండి.